కొండయాత్రలో మరలు వేళ

గత మార్గశిరమాసమున మా పాఠశాల ఎనిమిదవ, తొమ్మిదవ తరగతుల విద్యార్థులు 32 మంది మహేంద్రగిరి యాత్రకు పోయి, శిఖరము చేరకయే తిరిగి వచ్చిరి. ఈ సంగతి మీలో చాలమంది యెరిగినదే. యెరుగుటయే కాదు, జనవరి మాసమున జరిగిన తల్లిదండ్రుల సమావేశములో పరీక్షల విషయమునకన్న, ఫీజుల విషయమునకన్న దీనిపైననే ఎక్కువసేపు చర్చ జరిగినది. "ఇంకొక గంట నడచిన చాలునట గదా! బస్సుకు డబ్బు కట్టి, రెండు పూటలకు వంటలు వండించుకొని పోయి, తీరా గుడి చూపింపకయే పిల్లలను తెచ్చితిరేమి?" అని ఒక తండ్రి అడిగిరి. వేరొక ఇంట ముసలమ్మగారు కొండమీది గోకర్ణేశ్వరునికి కొట్టుమని మనుమరాలి సంచిలో పెట్టి పంపిన కొబ్బరికాయ, పెట్టినది పెట్టినట్లే తిరిగి ఇల్లు చేరెను. ఆమె మాతో ఒక్క మాటయైన అనలేదు. మనుమరాలితో అన్న మాటలు మాత్రము మాకు చేరినవి. ఆనాడు సభలో మేము తొందరలో చెప్పిన సమాధానము మాకే తృప్తి నీయలేదు. కావున ఈ సంచికలో సావకాశముగా విన్నవించుకొనుచున్నాము.

మహేంద్రగిరి మనకు పరాయి కొండ కాదు. గజపతి జిల్లాలో నుండు ఈ శిఖరము 1,501 మీటర్ల ఎత్తు గలది. రైలుమీద మందస ప్రాంతమున పోవువారు పడమటి దిక్కున చూచినచో మేఘములతో కలిసిపోయి నీలముగా కనబడునది ఇదియే. పరశురాముడు తపస్సు చేసినది ఇచ్చటనే యని పురాణప్రసిద్ధి. కుంతి, యుధిష్ఠిరుడు, భీముడు అను వారి పేర్లతో రాతిగుళ్లు పైన నున్నవి. తూర్పు గాంగ వంశపు రాజులు తమ శాసనములలో మహేంద్రాచలముపై వెలసిన గోకర్ణస్వామిని కులదైవముగా స్తుతించుకొనిరి. పదునొకండవ శతాబ్దమున రాజేంద్రచోళుని సేనలు ఇంతదూరము వచ్చినందుకు గుర్తుగా ఆ చోళుని శాసనము కూడ ఆ కొండమీద నున్నది. శివరాత్రినాడు ఇటు ఒడిశా నుండియు, అటు శ్రీకాకుళము వైపు నుండియు జనులు గుంపులు గుంపులుగా ఎక్కుదురు. ఇట్టి కొండను చివరివరకు ఎక్కి చూడవలెనని పిల్లలు కోరుటయు, చూపవలెనని పెద్దలు కోరుటయు సహజమే. మాకును ఆ కోరిక లేకపోలేదు.

అయిన నేమి? దూరపు కొండలు నునుపు. దగ్గరకు పోయినపుడు కదా లెక్క తెలియును. ఆ లెక్క యేమో చెప్పెదము.

కొండనడకలో దూరమొక్కటే చూచినచో మోసపోవుదుము. స్కాట్లాండు దేశమున నెయ్‌స్మిత్ అను పర్వతారోహకుడు 1892లో ఒక సులభమైన సూత్రము చెప్పెను. ఆరోగ్యవంతుడు చదునునేలమీద గంటకు దాదాపు 5 కిలోమీటర్లు నడచును. ఎక్కవలసిన ప్రతి 600 మీటర్ల ఎత్తుకును దానికి ఇంకొక గంట కలుపవలెను. మేము నడక ప్రారంభించిన పల్లెనుండి శిఖరమునకు త్రోవ 9 కిలోమీటర్లు, ఎక్కవలసిన ఎత్తు సుమారు 900 మీటర్లు. దూరమునకు 1 గంట 48 నిమిషములు, ఎత్తునకు గంటన్నర, వెరసి 3 గంటల 18 నిమిషములు. ఇది విశ్రాంతి లేక నడచు దృఢకాయునికి చెప్పిన లెక్క. పదుమూడేండ్ల పిల్లలు, వీపున సంచులు, నడుమ ఫలాహారము, నీళ్లు త్రాగుట, చెప్పు తెగుట, చింపిరి కొమ్మకు చొక్కా తగులుకొనుట, ఇవన్నియు కలుపుకొని మేము దీనికి ఒకటిన్నర రెట్లు వేసికొందుము. అనగా అయిదు గంటలు. ఉదయము 6.30కి బయలుదేరినచో 11.30కి పైకి చేరవలెను. పైన గంటసేపు గుళ్లు చూచి, భోజనము ముగించుకొని 12.30కి దిగుట మొదలు పెట్టవలెను.

దిగుట సులభమని తలంచువారు పొరబడుదురు. ఎక్కునపుడు ఊపిరి అలయును, దిగునపుడు మోకాళ్లు అలయును. జారిపడుట, చీలమండ బెణకుట ఎక్కువగా దిగునపుడే జరుగును. కావున దిగుటకు నాలుగు గంటలు ఉంచుకొందుము. అప్పటికి సాయంకాలము 4.30 అగును. డిసెంబరు నడుమ మన ప్రాంతమున సూర్యుడు 5.10 ప్రాంతమున అస్తమించును. హైదరాబాదులోని మీ బంధువులకు ఫోను చేసి చూడుడు, అచ్చట ఇంకను ఎండ యుండును. మనము తూర్పున నుండుటచేత గడియారము ఒకటే యైనను మనకు పొద్దు వారికన్న ఇరువది నిమిషములకు పైగా ముందు క్రుంకును. పైగా కొండనీడలోను, చెట్లక్రిందను చీకటి ఇంకను ముందే వచ్చును. ఇన్ని లెక్కలు చూచినపిదప మనకు మిగులునది నలువది నిమిషములు. ఏ ఆపద వచ్చినను ఆ నలువది నిమిషములలోనే సర్దుకొనవలెను.

అందువలన మా యాత్రలకు ఒక నియమము గలదు. 12.30 కాగానే ఎక్కడ నుండిన అక్కడ నుండియే వెనుకకు మరలవలెను. శిఖరము వేయి అడుగుల దూరమున నున్నను సరియే. దీనిని మేము 'మరలు వేళ' అని పిలుచుకొనుచున్నాము. దీనిని నిర్ణయించునది ముందునాటి రాత్రి, కొండక్రింద, కడుపునిండ అన్నము తిని, కాగితమును పెన్సిలును పట్టుకొని కూర్చున్నపుడు. ఎక్కుచున్నపుడు కాదు. ఏలయనగా అలసినవాని బుద్ధి శిఖరము కనబడగానే వశము తప్పును. ఇది పిల్లలకే కాదు, మాస్టరులకును వర్తించును. ప్రధానోపాధ్యాయునికి మొదట వర్తించును.

ఈ నియమము మేము పుస్తకమునుండి నేర్చుకొన్నది కాదు. చెప్పుకొనుటకు సిగ్గుపడవలసిన సంగతియే కాని, చెప్పకపోవుట అంతకన్న సిగ్గుచేటు. 2018లో 28 మంది పిల్లలతో వేరొక చిన్నకొండకు పోయితిమి. చిన్నకొండ కదా యని వేళ నిర్ణయించుకొనలేదు. పైన ఆటపాటలలో ప్రొద్దు తెలియలేదు. చీకటిలో దిగితిమి. అందరికి కలిపి మూడు టార్చిలైట్లు. క్రిందికి వచ్చి లెక్కించితిమి గదా, 27 మంది! మరల లెక్కించితిమి, 27 మందే. ఆ క్షణమున మా కాళ్లలోని బలమంతయు ఎటు పోయినదో మాకు తెలియదు. ఎనిమిదవ తరగతి బాలిక యొకతె చెప్పు తెగినందున త్రోవ రెండుగా చీలినచోట ఆగినది. వెనుకవారు ఆమెను చూడక దాటిపోయిరి. తెలివిగల పిల్ల కనుక ఏ త్రోవనూ పట్టక, అచ్చటనే ఒక రాతిమీద కూర్చుండి, పేర్లు పెట్టి కేకలు వేయుచుండెను. నలువది నిమిషములకు దొరకినది. మరునాడు ఉదయమే మేము ఆమె ఇంటికి పోయి తండ్రికి జరిగినదంతయు చెప్పితిమి. ఆయన మమ్ము తిట్టియుండినచో బాగుండెడిది. ఊరకుండిరి. ఆ బాలిక ఇప్పుడు బరంపురములో నర్సు చదువు చదువుచున్నది. గత యాత్రకు ముందు మా బడికి వచ్చి, కాలిపొక్కులకు ఎట్లు కట్టుకట్టవలెనో పిల్లలకు నేర్పిపోయినది ఆమెయే.

ఆనాటినుండి మరలు వేళయేకాక, మరి రెండు మూడు పద్ధతులు ఏర్పడినవి. వరుసకు కడపట ఎల్లప్పుడు ఒక ఉపాధ్యాయుడు నడచును, ఆయన వెనుక పిల్లవాడెవడు నుండరాదు. త్రోవ చీలినచోట లెక్కింపక ముందుకు సాగరాదు. ప్రతివాని మెడలో ఒక విజిలు ఉండును. తప్పిపోయినచో వెదకుకొనుచు తిరుగక, ఎక్కడివాడక్కడ నిలిచి మూడుమార్లు ఊదుచుండవలెను. సెల్‌ఫోను మీద ఆశ పెట్టుకొనరాదు, లోయలలో అది పలుకదు.

ఇక నెమ్మదిగా నడచువానిని గూర్చి ఒక మాట. వానిని వెనుక నడిపించుట లోకాచారము. అది అన్యాయము. ముందు పోయినవారు ఒకచోట కూర్చుండి విశ్రమింతురు. వెనుకవాడు రొప్పుచు వచ్చి చేరగానే లేచి "పదండి" అందురు. బలిష్ఠులకు విశ్రాంతి, బలహీనునికి మాత్రము లేదు! కావున మేము అట్టివానిని వరుసలో ముందు నడిపింతుము. వాని నడకయే అందరి నడక. వడిగల పిల్లలు మొదట విసుగుకొందురు. రెండు గంటలు గడచునప్పటికి వారే వాని సంచి మోయుదురు.

గత డిసెంబరున జరిగినది ఇదియే. ఉదయము 6.30కి సరిగానే బయలుదేరితిమి. ఆకాశము నిర్మలముగా నుండెను. అయిదవ కిలోమీటరు దగ్గర తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు కుంటుట కనబడినది. బూట్లు విప్పించి చూచితిమి. రెండు మడమలమీదను రూపాయి బిళ్లంత పొక్కులు లేచి, ఒకటి చితికినది. యాత్రకొరకు తండ్రి ముందునాడే కొని యిచ్చిన క్రొత్త బూట్లవి. ఆ తండ్రిని తప్పుపట్టుట లేదు. కొడుకు నలుగురిలో చిన్నబోరాదని అప్పు చేసియైన కొనియుందురు. తప్పు మాది. బస్సు ఎక్కునపుడు సంచులు తనిఖీ చేసితిమి, నీళ్లసీసాలు చూచితిమి, కాళ్లవైపు చూడలేదు. కట్టుకట్టి, వానిని వరుసలో ముందు నిలిపితిమి. నడక సగమునకు తగ్గినది. 12.30 అగునప్పటికి ఏడు కిలోమీటర్లు ముగిసినవి. శిఖరము ఎదుట స్పష్టముగా కనబడుచుండెను. మాకు దారి చూపుటకు వచ్చిన సవర పెద్దాయన ఇంకొక గంటకు కొంచెము పైగా పట్టునని చెప్పెను.

పిల్లలు బ్రతిమాలిరి. ఇద్దరు ఆడపిల్లలు కంటతడి పెట్టిరి. కుంటుచున్న పిల్లవాడు, "నన్నిచ్చట కూర్చుండబెట్టి మీరు పోయి రండు సార్" అనెను. డ్రిల్లు మాస్టరుగారు సయితము మావైపు చూచిరి, ఒక్కసారి సడలింపుడన్నట్లుగా. పిల్లవానిని ఒంటరిగా విడువలేము. గుంపును రెండుగా చీల్చినచో ఉపాధ్యాయులును రెండుగా చీలవలెను. అచ్చటనే కూర్చుండి పులిహోర, పెరుగన్నము తిని వెనుకకు మరలితిమి.

2.15 ప్రాంతమున కొండమీద మంచు దిగినది. పదిగజముల ముందున్న చెట్టు కనబడలేదు. అప్పటికి మేము చాలవరకు దిగియుండుటచేత ఇబ్బంది లేకపోయెను. 4.50కి చివరి పిల్లవాడు పల్లె చేరెను. ముందుకు పోయియుండినచో 1.45కి శిఖరము చేరి, పైననే ఆ మంచులో చిక్కి, చీకటిపడిన గంటన్నరకుగాని దిగియుండము. ఎత్తు పెరిగినకొలది వేయి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు చలి హెచ్చును. సముద్రతీరమునకన్న ఆ శిఖరమున తొమ్మిది పది డిగ్రీలు తక్కువ యుండును. చెమటతో తడిసిన నూలుచొక్కాకు కొండగాలి తోడైనచో పిల్లలు వణకుదురు.

కాని ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. సమావేశములో మేము "చూచితిరా, మంచు వచ్చినది" అని సమర్థించుకొంటిమి. అది సరియైన సమాధానము కాదు. ఆనాడు మంచు రాకపోయినను మా నిర్ణయము అదియే. మంచు వచ్చునో రాదో 12.30కి మాకు తెలియదు. తెలిసినది పొద్దు, దూరము, పిల్లవాని కాలు. తెలిసినదానినిబట్టి నిర్ణయింపవలెను గాని తరువాత జరిగినదానినిబట్టి కాదు. రేపు ఇంకొక యాత్రలో మేము మరలివచ్చిన పిమ్మట రాత్రివరకు ఆకాశము అద్దమువలె నిర్మలముగా నుండవచ్చును. అప్పుడును మీరు అడుగుదురు. అప్పుడును మా సమాధానము ఇదియే.

సభలో ఒకరు మాలావత్ పూర్ణ పేరు ఎత్తిరి. "పదునాలుగేండ్లు నిండని మన తెలుగుపిల్ల ఎవరెస్టు ఎక్కినది, మన పిల్లలు మహేంద్రగిరి ఎక్కలేరా?" అని. మంచి ప్రశ్న. ఆ బాలికయు, ఆనంద్ కుమార్ అను బాలుడును 2014 మే 25వ తేదీన 8,848 మీటర్ల ఆ శిఖరమును చేరిరి. సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలల పిల్లలు వారు. కాని అంతకుముందు భువనగిరి బండమీదను, డార్జిలింగులోను, లడఖ్‌లోను వారు పొందిన శిక్షణను మరువరాదు. ఎవరెస్టు మీదను మరలు వేళ అను నియమము గలదని కూడ తెలియవలెను. 1996 మే 10వ తేదీన మధ్యాహ్నము రెండు గంటలు దాటినను మరలక పైకి సాగినవారు పలువురు తుపానులో చిక్కిరి. ఆ తుపానులో 8 మంది మరణించిరి. వారిలో అనుభవముగల మార్గదర్శకులు కూడ నుండిరి.

మీరు భయపడు ఇతర విషయములు కొన్ని గలవు. వానిని గూర్చి క్లుప్తముగా చెప్పెదము. పాములు: శీతకాలమున తక్కువగా తిరుగును. కరచినచో కోయుట, పీల్చుట, త్రాడు బిగించుట చేయరాదు. అవయవము కదలకుండ ఉంచి ఆసుపత్రికి చేర్చవలెను. తేనెటీగలు: కొండచరియలలో పెద్ద పట్టులుండును, పొగ పెట్టరాదు, రాళ్లు రువ్వరాదు, అత్తరులు పూసికొని రారాదు. ఏనుగులు: మన జిల్లాలో లఖారీ లోయ అభయారణ్యము ఉన్నది గనుక, బయలుదేరుటకు ముందు అడవిశాఖవారిని విచారించియే పోవుదుము.

శిఖరము చూడని పిల్లలు ఏమి చూచిరని అడుగుదురేమో. వారు చూచినదానిలో మాకు మిక్కిలి విలువైనదిగా తోచినది ఆ సవర పెద్దాయన మాట. మనుమనితో సవరలో మాటలాడును, మాతో ఒడియాలో, మందస సంతనుండి నేర్చిన తెలుగు కూడ వచ్చును. "తాతా, మీ భాష మీ బడిలో చెప్పుదురా?" అని మా పిల్లలలో ఒకతె అడిగినది. తానుగా తెలుగుబడికి వచ్చు పిల్ల కనుక ఆ ప్రశ్న తోచినది కాబోలు. ఆయన నవ్వి, తాను బడికే పోలేదనెను. ఆ దిగుత్రోవలో పిల్లలు ఆయన నడిగి చెట్లకు, రాళ్లకు, నీళ్లకు సవర పేర్లు పదునాలుగు వ్రాసికొనిరి. నడక నెమ్మది కాకపోయినచో ఇది జరుగదు.

ఈ కొండలలోని వారి భాషను పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు నేర్చి, 1931లో దాని వ్యాకరణమును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించిరని, తమ సొమ్ముతో సవరలకు బడులు పెట్టించిరని మేము తరగతిలో ఎన్నిమార్లు చెప్పియుందుమో! పిల్లలు దానిని పరీక్షకు వ్రాసి మరచిరి. ఈసారి మరువలేదు. (ఆ మహనీయుడు ఈ వ్యాసపు భాషను చూచినచో మమ్ము మన్నించునో లేదో! చిన్ననాట పడిన చేయి, మారదు.) మన ప్రాంతము ఒడిశాలో చేరిన 1936లోనే మంగయి గొమాంగో గారు సవరభాషకు ప్రత్యేకముగా ఒక లిపిని కల్పించిరనియు పిల్లలకు చెప్పితిమి. మరునాడు ముగ్గురు ఆ లిపిని చూపుమని వచ్చిరి.

కొబ్బరికాయ సంగతి చెప్పవలసియున్నది. ముసలమ్మగారు దానిని దేవునిగూటిలో భద్రపరచి, శివరాత్రికి కొండ ఎక్కుచున్న తమ వీధివారి చేతికిచ్చి పంపిరట. అది గోకర్ణేశ్వరుని సన్నిధికి చేరినది. ప్రసాదపు చిప్ప నొకదానిని మనుమరాలిచేత మాకు పంపిరి. ఇంటిలో పచ్చడి చేయించితిమి.

ఈ డిసెంబరులో మరల మహేంద్రగిరికే పోవలెనని నిశ్చయించితిమి. నడక ఉదయము 6 గంటలకే మొదలగును. మరలు వేళ 12.30. అనుమతి పత్రములో ఆ వేళను వ్రాసియుంచుచున్నాము. దానిని చదివి, సమ్మతమైననే సంతకము చేయ ప్రార్థన. నవంబరు చివరి శనివారమున బడిలో కాళ్ల తనిఖీ యుండును. ఆనాడు పిల్లలు యాత్రకు తొడుగుకొనబోవు జోళ్లతోను, మేజోళ్లతోను వచ్చి, మైదానము చుట్టు గంటసేపు నడువవలెను. క్రొత్తవి కొనదలచినవారు దసరాకే కొని, అప్పటినుండి ప్రతిదినము తొడిగింపవలెను. పాతవి బాగుగానున్నచో క్రొత్తవి కొనవలదు.